లినక్స్‌లో కొత్త ఎక్స్‌టర్నల్ డ్రైవ్: ఫార్మాట్‌కి ముందు చూసుకోవాల్సినవి, తర్వాత అందరూ మర్చిపోయేవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ కొత్తగా కొన్నారు, లినక్స్ డెస్క్‌టాప్‌కి పెట్టారు, తెరుచుకుంది కానీ టెర్మినల్‌లో చూస్తే 3.6 అనే కనిపిస్తోంది. దాన్ని వచ్చింది వచ్చినట్టే వాడుకోవాలా, ఈఎక్స్‌టీ4కి (లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) మార్చాలా అని ఒక సందేహం. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా అది దానంతటదే ఒకే ఫోల్డర్‌లో మౌంట్ కావాలి (అంటే డ్రైవ్‌లోని ఫైళ్లు ఆ ఫోల్డర్‌లో కనిపించాలి), రోజూ రాత్రి బ్యాకప్ అందులోకి వెళ్లాలి అన్నది అసలు అవసరం. ఎక్కడో దొరికిన నాలుగు కమాండ్లు అలాగే కొడితే సరిపోతుందా అని కూడా అడిగారు. సరిపోదండీ. ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఫార్మాట్ చేయడం అర నిమిషం పని, ఏ డ్రైవ్‌ని ఫార్మాట్ చేస్తున్నారో అనుమానం లేకుండా తేల్చుకోవడానికే ఎక్కువ జాగ్రత్త కావాలి.

3.6 గురించి టెన్షన్ పడకండి, మీ డ్రైవ్‌లో ఏమీ తగ్గలేదు. తయారీదారుల లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు, టెర్మినల్ టూల్స్ మాత్రం 1024తో గుణిస్తూ వెళ్తాయి. 4 లక్షల కోట్ల బైట్లను 1024తో నాలుగుసార్లు భాగిస్తే 3.64 వస్తుంది. అంతే.

కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను, పెద్ద అక్షరమని చెప్పిన చోట తప్ప టెర్మినల్‌లో అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

డ్రైవ్ పెట్టకముందు ఒకసారి ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్క్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టి చూడండి, పెట్టాక మళ్లీ కొట్టండి. రెండోసారి కొత్తగా వచ్చిన లైనే మీ డ్రైవ్. ఇంకాస్త వివరం కావాలంటే హైఫన్ ఓ ఇచ్చి నేమ్, సైజ్, మోడల్, సీరియల్, ట్రాన్ అనే కాలమ్స్ అడగండి. ట్రాన్ కింద యూఎస్‌బీ అని ఉంటే అది బయటి డ్రైవ్. ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు ఏ డ్రైవ్‌కీ సొంతం కావు, లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌కి ఏది ముందు కనిపిస్తే దానికి ముందు అక్షరం ఇస్తుంది. లోపల ఎన్‌వీఎంఈ (కొత్త రకం వేగమైన ఎస్ఎస్‌డీ) డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో సిస్టమ్ అంతా ఎన్‌వీఎంఈ పేరుతో ఉంటుంది కాబట్టి యూఎస్‌బీ డ్రైవ్ ఎస్‌డీఏ అవుతుంది, సాటా (పాత రకం కనెక్షన్) డిస్క్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో అదే ఎస్‌డీఏ మీ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్ కావచ్చు. ఒకరి కంప్యూటర్‌లో సరిగ్గా పనిచేసిన కమాండ్ ఇంకొకరి కంప్యూటర్‌లో మొత్తం తుడిచేయడం ఇలాగే జరుగుతుంది, మధ్యలో అది మిమ్మల్ని అడగదు కూడా.

అందుకే నా సలహా, డ్రైవ్‌ని చెరిపేసే కమాండ్‌లో ఎస్‌డీబీ అని రాయనే రాయకండి. డెవ్ ఫోల్డర్‌లో డిస్క్, దానిలో బై-ఐడీ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అక్కడ ప్రతి డిస్క్‌కీ మోడల్ పేరు, సీరియల్ నంబర్ కలిపిన పొడుగాటి పేరు ఉంటుంది, బయటి డ్రైవ్ అయితే మామూలుగా మొదట్లోనే యూఎస్‌బీ అని ఉంటుంది. ఆ పొడుగు పేరే కమాండ్‌లో పెట్టండి. రేపు అక్షరాలు తారుమారైనా ఆ పేరు వేరే డిస్క్‌కి పోదు. ట్యాబ్ నొక్కితే అదే పూర్తవుతుంది కాబట్టి టైప్ చేసే కష్టం కూడా లేదు. ఆ పేరులో మీ పాత డిస్క్ మోడల్ కనిపిస్తే ఎంటర్ మీదికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు చాలామంది దాటేసే సంగతి, డ్రైవ్‌ని పరీక్షించడం. డేటా వేశాక పరీక్షించి లాభం లేదు, ఖాళీగా ఉన్నప్పుడే, వెనక్కి ఇచ్చే గడువు ఉన్నప్పుడే చేయాలి. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుంటే స్మార్ట్‌సీటీఎల్ వస్తుంది, డ్రైవ్ తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పట్టికని చూపే కమాండ్ అది. దానికి హైఫన్ ఏ ఇచ్చి డ్రైవ్ పేరు చెప్పండి. యూఎస్‌బీ డబ్బా అడ్డుపడి ఏమీ చూపించకపోతే హైఫన్ డీ సాట్ అని చేర్చి మళ్లీ ప్రయత్నించండి, చాలా డ్రైవ్‌లలో అప్పుడు తెరుచుకుంటుంది. ఆ పట్టికలో 5, 197, 198 నంబర్ల వరుసలు చూడండి. 5 అంటే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న ముక్కలు), 197 అంటే చదవలేక అనుమానంలో ఉంచినవి, 198 అంటే ఇక సరిదిద్దలేనివి. కొత్త డ్రైవ్‌లో ఈ మూడింటి చివరి కాలమ్, అంటే రా వాల్యూ, సున్నా ఉండాలి. ఒక్కటైనా సున్నా కాకపోతే వాడకుండా మార్చుకోండి, కొన్ని సెక్టార్లే కదా అని సర్దుకుపోవద్దు. పవర్ ఆన్ అవర్స్ అనే వరుస కూడా చూడండి, కొత్తదని అమ్మిన డ్రైవ్‌లో వేల గంటలు కనిపిస్తే అది కొత్తది కాదు.

ఆ తర్వాత పూర్తిగా ఒకసారి రాసి, చదివించండి. బ్యాడ్‌బ్లాక్స్ అనే కమాండ్‌కి హైఫన్ డబ్ల్యూ ఇస్తే డిస్క్ మొత్తం రాసి మళ్లీ చదివి పోల్చి చూస్తుంది. హైఫన్ బీ 4096 ఇవ్వడం మర్చిపోకండి, పెద్ద డ్రైవ్‌లకి అది అవసరం. మామూలుగా అది నాలుగు రకాల నమూనాలతో రాస్తుంది, అంటే నాలుగు రాతలు, నాలుగు చదువులు. 4 టీబీ డ్రైవ్ సెకనుకి 120 ఎంబీ లెక్కన ఒకసారి చివరిదాకా వెళ్లడానికే తొమ్మిది గంటలు దాటుతుంది, ఎనిమిది సార్లంటే మూడు రోజులు. అంత ఓపిక అక్కర్లేదు, హైఫన్ టీ 0 ఇస్తే ఒకే నమూనాతో ఒక రాత, ఒక చదువుతో దాదాపు 18 గంటల్లో అయిపోతుంది, అది చాలు. అయ్యాక స్మార్ట్ పట్టిక మళ్లీ తీసి ఆ మూడు వరుసలు పెరిగాయేమో చూడండి. ఈ పరీక్ష డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిపేస్తుంది, కాబట్టి ఇక్కడ కూడా ఆ బై-ఐడీ పేరే వాడాలి.

ఇంత పెద్ద పరీక్ష మొదలుపెట్టే ముందు ఎల్ఎస్‌యూఎస్‌బీ హైఫన్ టీ కొట్టి స్పీడ్ చూసుకోండి. మీ డ్రైవ్ పక్కన 5000ఎం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే సరే. 480ఎం అని ఉంటే అది యూఎస్‌బీ 2 స్పీడ్‌లో పడిపోయింది. సెకనుకి 40 ఎంబీ దాటడం కష్టం, డ్రైవ్ ఒక్కసారి నిండడానికే ఒక రోజు పైన పడుతుంది. కేబుల్ మార్చి చూడండి, కంప్యూటర్ వెనక పోర్ట్‌కి నేరుగా పెట్టి చూడండి, హబ్ ఉంటే తీసేయండి. వేరే అడాప్టర్ లేని చిన్న డ్రైవ్‌లు కరెంటు కూడా ఆ పోర్ట్ నుంచే తీసుకుంటాయి. యూఎస్‌బీ 2 పోర్ట్ ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 అయితే 900. టిక్కు టిక్కుమంటూ ఆగి ఆగి తిరుగుతుంటే చాలాసార్లు అది కరెంటు చాలకపోవడమే, కానీ మంచి పోర్ట్‌లో కూడా అదే శబ్దం వస్తే డ్రైవ్‌ని నమ్మకండి.

ఇక ఏ ఫైల్ సిస్టమ్ అన్న ప్రశ్న. ఈ డ్రైవ్‌ని విండోస్ కంప్యూటర్‌కో మ్యాక్‌కో కూడా పెడతారా? ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. పెడతానంటే ఎక్స్‌ఫ్యాట్ (ఈ మూడూ చదవగల ఫైల్ సిస్టమ్) ఉంచుకోండి, లినక్స్ కెర్నెల్ 5.7 నుంచి, అంటే 2020 నుంచి, దానికి మంచి డ్రైవర్ లోపలే ఉంది. విండోస్ సొంత ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్‌తో వచ్చినా చదవడం, రాయడం కుదురుతుంది, 5.15లో కొత్త డ్రైవర్ కూడా చేరింది, కాకపోతే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండగా సరిగ్గా ఎజెక్ట్ చేయకుండా తీసుకొస్తే లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరవడమో, అసలు తెరవకపోవడమో జరుగుతుంది. మీరు మాత్రం లినక్స్ బ్యాకప్ కోసమని స్పష్టంగా చెప్పారు. అయితే ఈఎక్స్‌టీ4, సందేహం అక్కర్లేదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫైల్ ఓనర్ ఎవరు, పర్మిషన్లు ఏమిటి అన్నవి నిలవవు, సింబాలిక్ లింకులు (వేరే ఫైల్‌ని చూపే షార్ట్‌కట్లు) పడవు, జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేదు కాబట్టి రాస్తున్నప్పుడు కేబుల్ ఊడితే నష్టం ఎక్కువ. హోమ్ ఫోల్డర్‌ని దాంట్లోకి కాపీ చేసి, ఏడాది తర్వాత తిరిగి తెచ్చుకున్నప్పుడు ప్రతి ఫైలూ ఒకే పర్మిషన్‌తో వస్తుంది, ప్రైవేట్ కీల ఫైళ్ల పర్మిషన్లు చూసి ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ చేయించే ప్రోగ్రామ్) వాటిని ఒప్పుకోదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ కూడా మంచిదే, డేటా చెక్‌సమ్‌లు (డేటా పాడైతే పట్టించే సంఖ్యలు), స్నాప్‌షాట్లు (ఒక సమయంలో ఉన్నది ఉన్నట్టు దాచే కాపీలు) ఉంటాయి, కానీ అది మీకు ఇప్పటికే అలవాటుంటేనే.

డ్రైవ్‌లో తయారీదారు వేసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే అది మామూలుగా వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌ల కోసం, దాని గురించి ఆలోచించకండి.

పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసే పట్టిక) జీపీటీ పద్ధతిలో పెట్టండి. పాత ఎంబీఆర్ పద్ధతి మామూలు 512 బైట్ల సెక్టార్ల లెక్కలో 2 టీబీ పైన చూడలేదు, మీ డ్రైవ్‌లో సగం వృథా అవుతుంది. పార్టెడ్ అనే ప్రోగ్రామ్‌లో ఎంకేలేబుల్ జీపీటీ, తర్వాత 1 ఎంఐబీ నుంచి 100 శాతం దాకా ఒకే పార్టిషన్. ఆ 1 ఎంఐబీ ఎందుకంటే డ్రైవ్ లోపలి 4096 బైట్ల సెక్టార్ల హద్దుకి పార్టిషన్ సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే రాత నెమ్మదిస్తుంది. టెర్మినల్ అంటే భయమైతే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ ఇదంతా బొమ్మలతో చేసేస్తుంది, అందులో తప్పేం లేదు, మోడల్ పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది కాబట్టి ఒక రకంగా క్షేమం కూడా.

ఫార్మాట్‌కి ఎంకేఎఫ్‌ఎస్ డాట్ ఈఎక్స్‌టీ4. దీనికి రెండు ఆప్షన్లు తప్పకుండా ఇవ్వండి. హైఫన్ ఎల్‌తో (ఇది మాత్రం పెద్ద అక్షరం) ఒక లేబుల్, 16 అక్షరాల లోపు, ఖాళీ లేకుండా. హైఫన్ ఎం 0 రెండోది. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం జాగాని రూట్ యూజర్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) కోసం పక్కన పెడుతుంది, సిస్టమ్ డిస్క్ నిండిపోయినా లాగిన్ అయ్యి బాగుచేసుకోవడానికి అది పనికొస్తుంది. బ్యాకప్ డ్రైవ్‌కి ఆ అవసరం లేదు, 4 టీబీలో 5 శాతమంటే 200 జీబీ ఊరికే పోతుంది. ఇప్పటికే ఫార్మాట్ చేసేసి ఉంటే ట్యూన్2ఎఫ్‌ఎస్ హైఫన్ ఎం 0తో డేటా పోకుండానే మార్చుకోవచ్చు. ఫార్మాట్ అయిపోయి మొదటిసారి మౌంట్ చేశాక, మీరు ఏమీ కాపీ చేయకపోయినా డ్రైవ్ లైట్ వెలుగుతూ, లోపల ఏదో రాస్తున్న చప్పుడు వస్తుంటే కంగారు పడకండి. ఐనోడ్ పట్టికలు (ఫైళ్ల వివరాలు రాసుకునేవి) కొన్ని తర్వాత నింపుకుందామని ఫార్మాట్ తొందరగా ముగిస్తుంది, ఆ మిగిలిన పనే వెనకాల జరుగుతూ ఉంటుంది.

డ్రైవ్ ఇల్లు దాటి వెళ్లేదైతే ఫార్మాట్‌కి ముందే లక్స్ ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే డేటా తెరుచుకోకుండా వేసే తాళం) పెట్టుకోండి, తర్వాత పెట్టాలంటే మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే అనుకోండి. పెడితే మాత్రం క్రిప్ట్‌సెటప్‌లోని లక్స్‌హెడర్‌బ్యాకప్‌తో (ఇందులో హెడర్‌లోని హెచ్, బ్యాకప్‌లోని బీ పెద్ద అక్షరాలు) హెడర్, అంటే తాళం వివరాలుండే భాగం, కాపీ తీసి వేరే చోట దాచండి. ఆ హెడర్ పాడైతే పాస్‌వర్డ్ గుర్తున్నా డేటా తెరుచుకోదు.

మౌంట్ చేశాక కొత్తవాళ్లు ఆగిపోయేది పర్మిషన్ డినైడ్ దగ్గర. కొత్త ఈఎక్స్‌టీ4 పై ఫోల్డర్ ఓనర్ రూట్, మీరు కాదు. డ్రైవ్ మౌంట్ అయి ఉన్నప్పుడే సుడో (రూట్ అధికారంతో నడిపించేది) సీహెచ్‌ఓన్‌తో ఆ ఫోల్డర్‌ని మీ పేరు మీదికి మార్చండి, ఒక్కసారి చేస్తే చాలు, ఆ సంగతి డ్రైవ్‌లోనే ఉండిపోతుంది. 777, అంటే అందరికీ అన్ని పర్మిషన్లూ, పెట్టేయమని చెప్పేవాళ్లు చాలామంది కనిపిస్తారు, వద్దు, కంప్యూటర్‌లో ఏ యూజరైనా, ఏ ప్రోగ్రామైనా మీ బ్యాకప్‌లు చెరిపేయగలిగేలా తలుపు తీసిపెట్టినట్టు అవుతుంది. ఇంకో సంగతి, ఓనర్‌గా డ్రైవ్‌లో నమోదయ్యేది మీ పేరు కాదు, మీ యూజర్ నంబర్. చాలా డిస్ట్రిబ్యూషన్లలో మొదటి యూజర్‌కి 1000 వస్తుంది కాబట్టి ఇంకో కంప్యూటర్‌లో పెట్టినా మామూలుగా పనిచేస్తుంది. రెండో యూజర్‌గా లాగిన్ అయితే అక్కడ మీ ఫైళ్లే మీకు పరాయివిగా కనిపిస్తాయి. ఐడీ అనే కమాండ్ కొడితే ఎవరి నంబర్ ఎంతో తెలుస్తుంది.

ఆటోమేటిక్‌గా మౌంట్ కావాలంటే ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్‌లో (ఏ డ్రైవ్ ఎక్కడ మౌంట్ కావాలో రాసేది) ఒక లైన్ చేర్చాలి. బ్యాకప్‌లాంటి పనికి డెస్క్‌టాప్ దానంతటది చేసే మౌంట్ మీద ఆధారపడొద్దు, అది మీరు లాగిన్ అయ్యాకే జరుగుతుంది, ఫోల్డర్ దారి కూడా డిస్ట్రిబ్యూషన్‌ని బట్టి మారుతుంది; ఉబుంటులో మీడియా ఫోల్డర్ కింద, ఫెడోరాలో రన్ కింది మీడియాలో. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైన్‌లో డ్రైవ్‌ని యూయూఐడీతో (దానికే సొంతమైన గుర్తింపు కోడ్; యూయూఐడీ అన్న మాట పెద్ద అక్షరాల్లో) చెప్పండి, ఎస్‌డీబీ1 అని కాదు. ఎల్ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ ఆ యూయూఐడీని చూపిస్తుంది. ఆప్షన్లలో డీఫాల్ట్స్ పక్కన నోఏటైమ్ (ఫైల్ చదివిన సమయం నమోదు చేయొద్దని), నోఫెయిల్ (డ్రైవ్ లేకపోయినా బూట్ ఆగొద్దని) రాయండి, చివర్లో 0, 2. నోఫెయిల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలొద్దు. అది లేకుండా, డ్రైవ్ పెట్టకుండా కంప్యూటర్ ఆన్ చేస్తే సిస్టమ్‌డీ (బూట్‌ని నడిపే ప్రోగ్రామ్) మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది, నల్ల స్క్రీన్ మీద రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఒక యూఎస్‌బీ కేబుల్ ఊడినందుకు కంప్యూటరే చెడిపోయిందనుకుంటారు. నోఫెయిల్ ఉన్నా ఎదురుచూపు వెనకాల నడుస్తుంటుంది, ఎక్స్-సిస్టమ్‌డీ డాట్ డివైస్-టైమౌట్ ఈక్వల్స్ 10 అని చేరిస్తే అదీ పది సెకన్లకి తగ్గుతుంది. ఫైల్ సేవ్ చేశాక రీబూట్ చేయకండి, ముందు ఫైండ్‌ఎంఎన్‌టీకి రెండు హైఫన్లతో వెరిఫై ఇచ్చి తప్పులున్నాయేమో చూడండి, తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, ఆపైన మౌంట్ హైఫన్ ఏ. ఇక్కడ గొడవ లేకపోతేనే రీబూట్.

ఇప్పుడు మీరు చెప్పిన రాత్రి బ్యాకప్‌లో నాకు బాగా భయం కలిగించే చోటుకి వస్తాను. మౌంట్ పాయింట్ అనేది మామూలు ఖాళీ ఫోల్డర్. డ్రైవ్ మౌంట్ కాని రోజున కూడా ఆ ఫోల్డర్ అక్కడే ఉంటుంది, బ్యాకప్ స్క్రిప్ట్ దాంట్లోకి హాయిగా రాసేస్తుంది, ఏ ఎర్రరూ రాదు. రాసింది ఎక్కడికి? మీ సిస్టమ్ డిస్క్‌లోకే. మొదట డిస్క్ నిండిపోయి కంప్యూటర్ మొరాయిస్తుంది, అంతకన్నా ఘోరం ఏమిటంటే నెలల తరబడి బ్యాకప్ జరుగుతోందని నమ్మి ఉంటారు, రెండు కాపీలూ ఒకే డిస్క్‌లో ఉంటాయి. దీనికి రెండు అడ్డుకట్టలు వేయండి. డ్రైవ్ మౌంట్ కాకముందు, ఆ ఖాళీ ఫోల్డర్ మీద సుడో సీహెచ్‌ఏటీటీఆర్ ప్లస్ ఐ కొట్టండి. ఇక దాంట్లో రూట్ కూడా ఏమీ రాయలేరు, డ్రైవ్ మౌంట్ అయ్యాక మాత్రం కనిపించేది డ్రైవ్ సొంత ఫోల్డర్ కాబట్టి రాతకి ఏ అడ్డూ ఉండదు. రెండోది, స్క్రిప్ట్ మొదటి లైన్‌లోనే మౌంట్‌పాయింట్ హైఫన్ క్యూ అనే కమాండ్‌తో అడగండి, అది కాదంటే స్క్రిప్ట్ ఆగిపోయి మీకు కబురు పంపాలి. ఈ రెండూ కలిపి ఐదు నిమిషాల పని కూడా కాదు, దయచేసి వదిలేయకండి.

కాపీకి ఆర్‌సింక్ కమాండ్ హైఫన్ ఏతో, దానికి పెద్ద అక్షరాల్లో హెచ్, ఏ, ఎక్స్ చేరిస్తే హార్డ్ లింకులు (ఒకే ఫైల్‌కి ఉన్న వేరే పేర్లు), ఏసీఎల్‌లు (అదనపు పర్మిషన్ల జాబితాలు), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు (ఫైల్‌కి అంటించిన అదనపు వివరాలు) కూడా వస్తాయి. సోర్స్ ఫోల్డర్ చివర స్లాష్ ఉంటే లోపలివి మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఆ ఫోల్డరే మొత్తం వెళ్తుంది. డిలీట్ ఆప్షన్ వాడితే ముందు హైఫన్ ఎన్ ఇచ్చి ఏం చెరపబోతోందో చదవండి. సోర్స్ ఏ కారణంగానో ఖాళీగా ఉన్న రోజున ఆ ఆప్షన్ బ్యాకప్‌ని కూడా ఖాళీ చేస్తుంది.

తీసేటప్పుడు తొందర వద్దు. కాపీ అయిపోయిందని స్క్రీన్ చెప్పినా చివరి భాగం ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు, చాలా ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో అది కొన్ని జీబీలు కూడా కావచ్చు. యూమౌంట్ (యూ తర్వాత ఎన్ లేకుండా, వెంటనే మౌంట్) కొడితే అదంతా డ్రైవ్‌లోకి రాసేదాకా కమాండ్ వెనక్కి రాదు, ఆగిపోయిందనుకుని కేబుల్ పీకేయకండి. తర్వాత యూడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ ఇస్తే లోపలి డిస్క్ తిరగడం కూడా ఆగుతుంది, అప్పుడు తీయండి. టార్గెట్ ఈజ్ బిజీ అని వస్తే ఫ్యూజర్ హైఫన్ వీఎం ఎవరు పట్టుకున్నారో చెబుతుంది. చాలాసార్లు అది ఆ ఫోల్డర్‌లో నిలబడి ఉన్న మీ టెర్మినలే. హైఫన్ ఎల్‌తో బలవంతంగా అన్‌మౌంట్ చేయడం వద్దు, అది డ్రైవ్‌ని కళ్ల ముందు నుంచి తప్పిస్తుంది కానీ రాత పూర్తయిందని హామీ ఇవ్వదు.

వాడుతుండగా డ్రైవ్ ఉన్నట్టుండి మాయమై మళ్లీ వస్తుంటే డీమెసేజ్ చూడండి (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్, డీఎంఈఎస్‌జీ అని కొట్టాలి). యూఏఎస్ (యూఎస్‌బీ డ్రైవ్‌తో వేగంగా మాట్లాడే పద్ధతి) అనే మాటతో అబార్ట్, రీసెట్ లైన్లు వరసగా ఉంటే ముందు కేబుల్, పోర్ట్ మార్చండి. అప్పటికీ తగ్గకపోతే ఆ డ్రైవ్‌కి మాత్రం యూఏఎస్ ఆపేసేలా యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్‌కి ఇచ్చే క్విర్క్స్ అనే సెట్టింగ్‌లో దాని వెండర్, ప్రొడక్ట్ నంబర్లు పెట్టి చివర యూ అని రాయవచ్చు. స్పీడ్ కొంచెం తగ్గుతుంది, డ్రైవ్ మాత్రం నిలకడగా ఉంటుంది.

మొదటి బ్యాకప్ పూర్తయ్యాక అక్కడితో ఆగకండి. డ్రైవ్‌ని వేరే లినక్స్ కంప్యూటర్‌కి పెట్టండి, లేదంటే లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి పెట్టండి, ఏవో కొన్ని ఫోల్డర్లు వెనక్కి తెచ్చుకుని తెరిచి చూడండి, ఫొటోలు, డాక్యుమెంట్లు, ఒక ప్రైవేట్ కీ ఫైల్ పర్మిషన్లతో సహా. ఏ మెట్టు దగ్గరైనా తేడా కనిపిస్తే ఎల్ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ చూపించింది, మీ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైన్, డీమెసేజ్ చివరి ఇరవై లైన్లు ఇక్కడ పెట్టండి, ఆ మూడూ ఉంటే ఎక్కడ తప్పిందో చెప్పగలను.